కళ్ళు తెరవని ఉడుత

ఆ ఉడుత బొమ్మను చూసి ఊరంతా నవ్విన నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో పెద్ద పిడికిలి నాదే.

బొమ్మ చేసింది మురుంగపాక్కం చిన్నస్వామి. తరతరాలుగా పుదుచ్చేరిలో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే, అయినా ఆయన తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేడు. సేద్యం అన్నదమ్ములకు వదిలేసి కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసేవాడు. ఏటా తమిళుల ఆడి నెలలో ఊరి అమ్మవారి మట్టి విగ్రహం చేసి, జాతర నాటి పొద్దున ఉపవాసంతో కళ్ళు దిద్దేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యే. ఆ ఒక్క పొద్దు కోసమే మిగతా ఏడాదంతా బతికేవాడు.

నేను యానాం నుంచి వచ్చి ఆయన ఇంటి ముందు గదిలో అద్దెకున్నాను. 2006లో ఊళ్ళో బడిపిల్లల ఆటల పోటీలు పెట్టారు. ఆ కమిటీ ఆఫీసులో నేను తాత్కాలిక గుమాస్తాను. పోటీలకు గుర్తుగా బంతి పట్టుకున్న ఉడుత కావాలంటే, ఆయన పేరు నేనే చెప్పాను.

రెండు నెలలు కష్టపడి ఆరడుగుల ఉడుతను నిలబెట్టాడు. వీపు మీద చారలు, నిక్కరు, బూట్లు, అన్నీ కుదిరాయి. కళ్ళ చోటు మాత్రం తెల్లగా వదిలేశాడు.

“ఇదేమన్నా దేవుడా మావయ్యా? కళ్ళు కూడా పెట్టేయొచ్చుగా!” అన్నాను.

“ఏ బొమ్మకైనా అదే ముర, అదే పద్ధతి తంబీ. కన్ను తెరిస్తే అది చూస్తాది. ఏంది చూపిస్తావు, ఈ గోడనా? ఆటలు మొదలయ్యే పొద్దు మైదానంలో తెరుస్తా. మీ సారుకు చెప్పిపెట్టు.”

చెప్తానన్నాను. చెప్పలేదు. ఇంత చిన్న సంగతి సారుకెందుకులే అనుకున్నాను.

పోటీలకు నాలుగు రోజుల ముందు మా ఆఫీసరు రఘునాథన్ సారు వ్యాను పంపాడు. పత్రికల వాళ్ళొస్తున్నారు, గంటలో బొమ్మ ఆఫీసులో ఉండాలట. చిన్నస్వామి రంగులకని బజారుకు వెళ్ళాడు. ఆయన భార్య సౌభాగ్యం గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఆయన రానీ అయ్యా. కన్ను తెరవని బొమ్మని పదిమందిలో పెట్టకూడదు.”

“గుడ్డ కప్పే ఉంచుతామండీ అత్తయ్యా,” అని ఎక్కించుకుపోయాను.

ఆఫీసులో ఆ గుడ్డ లాగేసింది సారే. నేను పత్రికల వాళ్ళకు కుర్చీలు వేశాను.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఇక చూడాలి! టౌను బస్సుల్లో గుడ్డి ఉడుత, టీ కొట్లలో గుడ్డి ఉడుత, సెల్‌ఫోన్లలో గుడ్డి ఉడుత. బంతి ఎటుపోయిందో దానికెలా తెలుస్తుందని ఒకడు, ముందు కంటాసుపత్రికి తీసుకెళ్ళండని ఇంకొకడు. ఎవడో దానికి నల్లకళ్ళద్దాలు తగిలించి పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఊరి పరువు పోయిందని పెద్దమనుషులు పత్రికకు ఉత్తరాలు రాశారు. అలా ఎందుకుందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

ఫోటో పడిన రోజు మధ్యాహ్నమే చిన్నస్వామి కుంచె, రంగు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

“అర్ధగంట ఇయ్యండి సార్. ఇప్పుడే తెరిచేస్తా. మీ గుమాస్తాకు ముందే చెప్పినా గదా.”

సారు నా వైపు తిరిగాడు. “నీకు చెప్పాడా?”

నన్ను పర్మనెంటు చేసే ఫైలు ఆయన సంతకం కోసం ఎదురుచూస్తోంది.

“లేదండీ,” అన్నాను.

చిన్నస్వామి నన్ను ఒక్కసారి చూశాడు. తిట్టినా బాగుండేది. సారు ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన కుంచె సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కమిటీ పత్రికల్లో ప్రకటన వేసింది, వయసు మీదపడిన శిల్పి కళ్ళు పెట్టడం మరిచిపోయాడని. తట్టాంచావడి కార్ఖానాలో ప్లాస్టిక్ కళ్ళు చేయించి అంటించారు. గుడ్లు మిటకరిస్తున్న ఆ ఉడుతను చూసి జనం ఇంకా నవ్వారు.

తర్వాత ఆడి నెల వచ్చింది. గుడి పెద్ద చిన్నదురై ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమీ అనుకోవద్దన్నా. నీకు మరుపొచ్చిందని ఆఫీసోళ్ళే పేపర్లో ఏసినారు. అమ్మవారి దగ్గర ఏదన్నా తప్పు జరిగితే ఊరికి చెడ్డ. ఈ తూరి కన్ను తెరిచేదానికి వేరే మనిషిని పిలిచినాం.”

“యాడ మరిచిపోయినానప్పా నేను?” అన్నాడు చిన్నస్వామి.

గదిలోంచి అంతా విన్నాను. బయటికొచ్చి, అబద్ధమాడింది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. నాలాంటి వెధవకు ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది!

జాతర నాటి పొద్దున ఆయన ప్రతి ఏడాదిలాగే తలస్నానం చేసి, ఏమీ తినకుండా అరుగు మీద కూర్చున్నాడు. గుడి దగ్గర మేళం గట్టిగా మోగింది. అక్కడ అమ్మవారి కళ్ళు తెరిచేశారన్నమాట. అప్పుడే నేను గదికి తాళం వేసి ఆఫీసుకు బయల్దేరుతున్నాను.

“నీ ఉద్యోగం ఖాయమైందా తంబీ?” అని అడిగాడు.

“అయిందండీ.”

“మంచిది,” అన్నాడు. లోపలికి తిరిగి, గంజి పోసుకురమ్మని భార్యను కేకేశాడు.