రెండు చుట్ల మఫ్లర్

ఇల్లు దాటే ముందు ఒతీలియా మెడకు ఉన్ని మఫ్లర్ రెండు చుట్లు చుట్టుకుని, ముడి మీద అరచేయి ఉంచి ఒక్క క్షణం ఆగేది. మా గనుల ఊరి చలిగాలిలో ఎప్పుడూ బొగ్గు నుసి ఉంటుంది, గొంతుకు పడదు. ఆమె గని కార్మికుడి కూతురు. పద్దెనిమిదేళ్లుగా మా ఒపెరా థియేటర్‌లో నాయిక పాటలన్నీ ఆమెవే.

ఆ జనవరిలో వియన్నా నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాది పాటు అక్కడ పాడమన్నారు. మా దేశంలో పాస్‌పోర్టులు ఇళ్లలో ఉండవు, పోలీసుల దగ్గర ఉంటాయి. థియేటర్ డైరెక్టర్ సంతకం చేస్తేనే ఇస్తారు.

డైరెక్టర్ గావ్లిక్ మర్యాదగా ఆమె చేతిని ముద్దాడి, టీ పోశాడు.

"మీరు వెళ్తే శనివారం ఎవరు పాడతారు, ఒతీలియా గారూ? మీ గొంతు మనందరిదీ కదమ్మా!" అంటూ ఉత్తరాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రం ఆమెకు గౌను నాడాలు బిగిస్తూ, థియేటర్‌లో వేషాలు తొడిగే ముసలి త్రూద్కా ఈ మాట విన్నది.

"అందరిదీనట! జలుబు చేస్తే మాత్రం నీ ఒక్కదానిదే. ఆ గొంతు పోయిన రోజునే నిన్ను వదులుతారే పిల్లా."

ఒతీలియా నవ్వింది. ఆ రోజు ఎప్పటికన్నా బాగా పాడింది. జనం లేచి నిలబడ్డారు, అందరికంటే ముందు గావ్లిక్.

మర్నాడు ఉదయం మఫ్లర్ చేతిలో పట్టుకుని మంచులోకి వచ్చింది. నోరు తెరిచి చలిగాలి పీలుస్తూ మూడు ట్రామ్ స్టాపుల దూరం నడిచింది. థియేటర్ గుమ్మం దగ్గర ఆగి, లోపలివాళ్లు చూడకముందే మఫ్లర్ రెండు చుట్లు చుట్టుకుని, ముడి మీద అరచేయి ఉంచింది.