ఆరని బ్రేక్ లైటు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. నమ్మకపోవడం ఒక్కటే కాదు, ఎదురుగా కూర్చుని వినే ఓపిక కూడా ఉండేది కాదు. ఇప్పుడు నేనే ఒకటి రాయడానికి కూర్చున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నేనైనా నవ్వేవాణ్నే.

మాది తమిళనాడులో ధర్మపురి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్లలో తెలుగు రాయగలిగినవాళ్లు తక్కువ. చిన్నప్పుడు కుప్పంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్నాను కాబట్టి నాకు అక్షరాలు వచ్చాయి. కారిమంగళం వెళ్లే రోడ్డు పక్కన నాకో షెడ్డు ఉంది. బండ్లకు కరెంటు పని చేస్తాను. ఈమధ్య బండి అంటే సగం కంప్యూటరే కాబట్టి స్కానర్ కూడా కొనుక్కున్నాను. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే బండి తనకున్న రోగాలన్నీ కోడ్ల రూపంలో చెప్పేస్తుంది.

బండికి గాలి సోకిందని నిమ్మకాయలు కట్టుకుని వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. హారన్ దానంతటదే మోగిందంటే ఎలుక వైరు కొరికి ఉంటుంది. హెడ్‌లైట్లు వాటంతటవే వెలిగాయంటే ఎక్కడో నీళ్లు దిగి ఉంటాయి. తొప్పూరు కనుమలో ఏదో ఉందనీ, అందుకే అక్కడ అన్ని బండ్లు పడిపోతాయనీ మా వైపు చెప్పుకుంటారు. అక్కడ ఉన్నది దిగుడు రోడ్డు. ఆ దిగుడులో డీజిలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దించే తెలివైనవాళ్లు. నేనెప్పుడూ అదే చెప్పేవాణ్ని.

ఆ కనుమలోనే మా బావ పోయాడు.

బావ అంటే మా అక్క సరోజ మొగుడు. మునిరాజు ఆయన పేరు. బెంగళూరు ఓనరు ఒకాయన దగ్గర క్యారవాన్ నడిపేవాడు. క్యారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు అనుకోండి. పొడుగాటి వ్యాన్‌లో మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాలగది, అన్నీ ఉంటాయి. టూరిస్టులు అద్దెకు తీసుకుని కొడైకెనాల్ అనీ మున్నార్ అనీ తిరుగుతారు. ట్రిప్పు లేనప్పుడు బావ దాన్ని ఇంటిముందే నిలిపేవాడు. మన ఇంటికన్నా ఆ ఇల్లే బాగుంది, కాపురం అక్కడికి మార్చేద్దామా అని అక్క ఆటపట్టించేది.

బావ చిన్నతనంలో మారండహళ్ళి నుంచి హోసూరుకు కూరగాయల లారీ నడిపే ముసలి డ్రైవర్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆయన పెట్టిన అలవాటు ఒకటుంది. బండి కదిలించే ముందు బ్రేక్ మూడుసార్లు తొక్కాలి. మూడోసారికి పెడలు కాలి కింద గట్టిగా నిలబడితేనే గేరు వెయ్యాలి. పాత లారీలకు అది అవసరమేమో, ఇప్పటి బండ్లకు అక్కర్లేదు. ఆ మాటే అంటే బావ నవ్వేవాడు.

"ఒకటి బండికి, ఒకటి రోడ్డుకి, ఒకటి మీ అక్కకి. నీకేం కష్టం రా?" అనేవాడు.

అక్క రోజూ వాకిట్లో, బండి వెనక నిలబడి సాగనంపేది. బావ బ్రేక్ తొక్కినప్పుడల్లా వెనక ఎర్ర లైట్లు వెలిగి ఆరేవి. మూడోసారి వెలిగాక అక్క లోపలికి వెళ్లిపోయేది. చేతులు ఊపుకోవడం లాంటివి వాళ్లకు లేవు. వాళ్ల వీడ్కోలు అదే.

ఆరోజు సేలంలో టూరిస్టులను ఎక్కించుకోవాలి. బండి ఖాళీగా వెళ్తోంది. ఇంట్లోనే రాగి సంగటి, అనపకాయల పులుసు తిన్నాడు. అక్క కొసరి కొసరి వడ్డించింది. మూడుసార్లు లైట్లు వెలిగాయి. అక్క లోపలికి వచ్చి వంటిల్లు సర్దుకుని నడుం వాల్చేలోపు ఫోన్ వచ్చింది.

కనుమ దిగే మలుపులో చెడిపోయి ఆగివున్న లారీని వెనకనుంచి గుద్దేశాడు. లారీవాళ్లు కిందికి దిగి దూరంగా ఉండబట్టి వాళ్లకేమీ కాలేదు. మా బావ ఒక్కడే.

రోడ్డు మీద టైర్లు రాసుకున్న జాడ లేదు. బ్రేక్ వెయ్యలేదు, డ్రైవర్ నిద్రపోయాడు అన్నారు పోలీసులు. మధ్యాహ్నం వేళ, కడుపునిండా భోజనం. అందరూ నమ్మేశారు. ఇప్పటి బండ్లలో ఎంత గట్టిగా బ్రేక్ తొక్కినా ఒక్కోసారి జాడ పడదని నాకు తెలుసు. కానీ చావింట్లో నిలబడి టైర్ల పాఠం ఎవరికి చెప్పను?

బావ వాళ్లమ్మ అందరి ముందూ మా అక్కను పట్టుకుని అనేసింది. "గొంతుదాకా సాపాటు పెట్టి పంపిస్తివి కదే. నా కొడుకు స్టీరింగ్ మీదే పండుకుండిపోయినాడు!"

నాకు రక్తం ఉడికిపోయింది. అక్క మాత్రం తలొంచుకుని, అవునత్తా అంది. తర్వాత నేను కోప్పడ్డాను, ఆ నింద ఎందుకు నెత్తిన వేసుకుంటావని.

"వేసుకుంటాను," అంది అక్క. "నేను పెట్టిందే తిన్నాడు, నిద్రపోయినాడు. ఏమీ తెలీకుండా నిమ్మళంగా పోయినాడు. భయపడలేదు, నొప్పి తెలీలేదు. నాకు అది చాలు శీనా. ఎవురేమన్నా అనుకోనీ."

అప్పటినుంచీ ఎవరు పరామర్శకు వచ్చినా అక్క ఆ మాటే చెప్పేది. నిద్రలోనే పోయినాడు అని. అలా చెప్పుకునే ఓ ముద్ద మింగుతోందని నాకు అర్థమైంది. టైర్ల జాడ సంగతి నాలోనే దాచుకున్నాను.

ఊరుకోనిది బావ వాళ్లన్న గోవిందప్ప. ఆయనా డ్రైవరే, వాళ్ల నాన్నా డ్రైవరే. వాళ్లింట్లో డ్రైవింగు సీట్లో నిద్రపోయాడు అనిపించుకోవడం దొంగతనం చేశాడు అనిపించుకున్నదానికన్నా హీనం. కేసు పని అయిపోయి పోలీసులు బండిని వదిలినప్పుడు, అందులో పనికొచ్చే కరెంటు సామాను ఏముందో చూడమని ఓనరు దాన్ని నా షెడ్డుకే పంపాడు. గోవిందప్ప వెనకే వచ్చాడు.

"మిషన్ పెట్టి చూడు శీనా. వాడు బ్రేక్ వేసినాడా లేదా దాంట్లో ఉంటుంది కదా? నా తమ్ముడు నిద్రపోయేవాడు కాదు."

అక్క కూడా వచ్చింది. బావ తువ్వాలు బండిలో ఉండిపోయిందట, అది కావాలంది. ముందు వైపు చూడలేనని వెనకాలే నిలబడింది. పక్క తలుపు తెరిచి, మంచం మీద పడివున్న తువ్వాలు తీసి ఇచ్చాను.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నాయి, పక్కన టీ అంగట్లో రేడియో మోగుతోంది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, చీకట్లో ఏదో చూసి జడుసుకున్నానని మీరు అనుకోకూడదని.

బండి ముందుభాగం నుజ్జు నుజ్జు అయిపోయింది. బ్రేక్ పెడలు వంగి లోపలికి దిగబడింది. పెడలు దగ్గర చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. పెడలు తొక్కితే కంప్యూటర్‌కు చెప్పేదీ, వెనక లైట్లు వెలిగించేదీ అదే. ఆ స్విచ్ విరిగి ఎక్కడికో పోయింది. దాని వైర్ల కొస మాత్రం వేలాడుతోంది. ఎక్కడా తగలకుండా దానికి నేనే టేపు చుట్టి పక్కకు కట్టాను. తర్వాతే నా బ్యాటరీ తగిలించి, స్కానర్ పెట్టాను.

తెగిపోయిన వైర్ల కోడ్లు వరసగా వచ్చాయి. అవి ఇప్పటి సంగతులు. గుద్దుకునే ముందు ఏం జరిగిందో చెప్పేవి ఒక్కటీ లేవు. ఎవరో తుడిచేశారు. అంతకుముందు బండిని ఉంచిన క్రేన్ యార్డులో పనిచేసే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. అవునన్నా, తగిలించగానే తుడిచాను, అందరం చేసేదే కదా అన్నాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా పనిలో పద్ధతే అది. బండికి ఎప్పటెప్పటి కోడ్లో అంటుకుని ఉంటాయి. ముందు అన్నీ తుడిచేస్తాం, మళ్లీ ఏది తిరిగొస్తే అదే అసలు రోగం అంటాం. కానీ ఒక మనిషి ఆఖరి క్షణం మళ్లీ ఎలా తిరిగొస్తుంది?

అదే గోవిందప్పకు చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఇంకేదైనా నొక్కి చూడు రా," అన్నాడు.

ఆయన్ను ఊరికే పంపలేక లైవ్ డేటా తెరిచాను. ఆ క్షణంలో బండిలో ఏది ఎలా ఉందో చూపించే పేజీ అది. ఇంజను ఆగివుంది, స్పీడు సున్నా, బ్రేక్ పెడలు వదిలినట్టు చూపిస్తోంది. స్విచ్చే లేదు కాబట్టి అది అలాగే ఉండిపోవాలి.

మారింది. బ్రేక్ తొక్కినట్టు చూపించింది. మళ్లీ వదిలినట్టు. మళ్లీ తొక్కినట్టు.

వైరు ఎక్కడో తగులుతోందని కిందికి వంగి చూశాను. నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. వైరు కదలడం లేదు. తలెత్తేసరికి స్కానర్‌లో మూడోసారి తొక్కి వదలడం కూడా అయింది.

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "శీనా, లోపల ఎవురు రా బ్రేక్ తొక్కేది?"

అక్కకు స్కానర్ కనిపించదు. నాకు వెనక లైట్లు కనిపించవు. నేను ఏమీ చెప్పకముందే అడిగింది.

కాస్త ఆగి బ్రేక్ మళ్లీ తొక్కినట్టు వచ్చింది. ఈసారి వదల్లేదు.

స్కానర్‌ను గోవిందప్ప చేతిలో పెట్టి వెనక్కి పరిగెత్తాను. రెండు బ్రేక్ లైట్లూ వెలుగుతున్నాయి. అంత ఎండలోనూ ఎర్రగా మండుతున్నాయి. అక్క తువ్వాలు గుండెకు అదుముకుని నిలబడింది. ఏడవడం లేదు.

"ఎప్పుడూ మూడే కదా రా," అంది. "ఇదేంది నాలుగోది?"

అక్కడ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. లైట్లు ఆరలేదు. ఇక చూడలేక ముందుకు వెళ్లి బ్యాటరీ క్లిప్పు పీకేశాను. అప్పుడు ఆరిపోయాయి.

గోవిందప్ప నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. సంతోషంతో ఏడుస్తున్నాడు. "చూస్తివా? చూస్తివా శీనా? నా తమ్ముడు నిద్రపోలేదు. బ్రేక్ మీద నిలబడినాడు రా వాడు!"

ఆ మాట వెనక్కి వినిపించింది. అక్క చేత్తో బండిని పట్టుకుంటూ, అంతవరకూ చూడలేనన్న ముందు వైపుకు వచ్చింది. వంగిపోయిన స్టీరింగ్ చూసింది. కింద దిగబడిన పెడలు చూసింది.

"అయితే మేలుకొనే ఉన్నాడు," అంది. "అంతా తెలిసే పోయినాడు."

గోవిందప్ప ఏడుపు ఆగిపోయింది.

తర్వాత నేను చెయ్యగలిగినదంతా చేశాను. అదే బ్యాటరీ, అదే స్కానర్ మళ్లీ మళ్లీ పెట్టి చూశాను. బ్రేక్ వదిలినట్టే చూపించింది. ఆ వైరును బండి పొడుగునా విప్పి చూశాను. క్యారవాన్ కట్టినవాళ్లు ఇంటి లైట్ల కోసం ఎక్కడెక్కడో వైర్లు కలిపి ఉంటారు, అక్కడేదో షార్ట్ అయి ఉండొచ్చని హోసూరు నుంచి వచ్చిన నా స్నేహితుడు అన్నాడు. కావచ్చు. కానీ ఆ షార్ట్ మాకు ఎక్కడా దొరకలేదు. దొరికినా, అది మూడుసార్లు లెక్కపెట్టి, ఆగి, నాలుగోసారి పట్టుకుని ఎందుకు కూర్చుంటుంది? ఆ స్కానర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రోజూ వాడుతున్నాను. ఏ బండికీ తప్పు చెప్పలేదు.

దెయ్యం ఉందని నేను ఇప్పటికీ అనను. అది ఏమిటో కూడా చెప్పలేను.

గోవిందప్ప ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. బావ వాళ్లమ్మ వచ్చి అక్క చేతులు పట్టుకుని, నోరు జారినాను సరోజా, నా బిడ్డ నిద్రపోయేవాడు కాదు అని ఏడ్చింది. ఇప్పుడు అక్కను అనేవాళ్లు ఎవరూ లేరు. మా బావ పేరు నిలబడింది. అందరికీ కావలసింది దొరికింది.

అక్క మాత్రం ఆరోజు నుంచి నిద్రలోనే పోయినాడు అనే మాట అనలేదు. పొయ్యి ముందు కూర్చుని మంట వెలిగించడం మర్చిపోతుంది. వడ్డించుకున్న అన్నం అలాగే ఎండిపోతుంది. ఆ నింద నెత్తిన ఉన్నప్పుడే మా అక్క బాగుండేది. ఆరోజు అక్కను షెడ్డుకు రానివ్వకుండా ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

మొన్న ఇంటికి వెళ్లినప్పుడు వాకిట్లో కూర్చుని ఉంది. ఒకప్పుడు బండి నిలిపే చోటునే చూస్తోంది.

"శీనా, బ్రేక్ తొక్కినాక గుద్దుకునేదానికి ఎంతసేపుంటుంది రా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దానికి జవాబు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నాను.

"రెప్పపాటు అక్కా. తెలిసేలోపే అయిపోతుంది."

అక్క నా వైపు తిరిగింది. తప్పు చేసిన పిల్లవాణ్ని చూసినట్టు జాలిగా చూసింది.

"నేను చూసినాను కదరా," అంది. "నువ్వు పోయి పీకేంతవరకూ ఆ లైట్లు వెలుగుతానే ఉండె."