సిక్ లైనులో మా వ్యాన్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ధర అడిగేవారు కాదు. వస్తువు చూపించడం, ఇంటికి పంపమనడం, అంతే. మా ముత్తాత రైల్వేకి ఇటుక సరఫరా చేసిన కాంట్రాక్టరు. మా ఊరు బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. అక్కడ సగం రైల్వే క్వార్టర్లు ఆయన ఇటుకలతో లేచినవేనని మా నాన్న అనేవారు. నేను పుట్టేసరికి కాంట్రాక్టులు లేవు, బట్టీలు లేవు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ అంచున పెద్ద గేటున్న ఇల్లు, ధర అడగని అలవాటు మాత్రం మిగిలాయి. గేటు దాటి క్వార్టర్ల పిల్లలతో ఆడుకోవడానికి నాకు అనుమతి లేదు. కొన్నాళ్ళకు వాళ్ళూ నన్ను పిలవడం మానేశారు.

ఆ ఏడాది అమ్మకు మేదినీపూర్ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. తేరుకున్నాక అదే ఊళ్ళో ఉన్న మా పెద్దమ్మ ఇంట్లో దిగింది. నది మీద వంతెన దాటితే మా ఊరే. బస్సులో రావచ్చు, ఆటోలో రావచ్చు. కానీ ఈ ఇంటి కోడలు జబ్బుపడి లేచి, అద్దె బండిలో వచ్చి గేటు ముందు దిగడం నాన్నకు ఇష్టం లేదు. ఖాళీగా పడి ఉన్న చివరి బట్టీ స్థలం అమ్మి, ఇంటిల్లిపాదీ పట్టే పాత వ్యాన్ ఒకటి కొన్నారు. కొనేటప్పుడూ ఏమీ అడగలేదు. తలుపు మీద మెరుస్తున్న రంగు చూసి తాళాలు తీసుకున్నారు. మర్నాడే అది వేడెక్కి మొరాయించింది.

వ్యాన్ మా ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక షెడ్డుకు వెళ్ళింది. మెకానిక్ బెంగాలీ ఆయన. మా తెలుగువాళ్ళ మధ్య పెరిగినవాడు కనుక తెలుగు మాలాగే మాట్లాడేవాడు. ఏది పాడైతే అదంతా చేసెయ్యమని చెప్పి నాన్న వచ్చేశారు. ముందు సొట్టలు తీశారు. తరువాత సీట్లకు కవర్లు కుట్టారు. ఆ తరువాత రంగన్నారు. కబురు వచ్చినప్పుడల్లా నాన్న డబ్బు పంపేవారు. వ్యాన్ మాత్రం రాలేదు. అమ్మా రాలేదు.

సాయంత్రాలు నేను గేటు పట్టుకుని నిలబడేదాన్ని. రైల్వే వర్క్‌షాప్ సైరన్ మోగాక సైకిళ్ళు గుంపులు గుంపులుగా మా ముందు నుంచి సాగిపోయేవి. ప్రతి సైకిలూ ఎవరో ఒకరి ఇంటికి పోతోంది. మా ఇంటికి వచ్చేది ఒక్కటీ ఉండేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక మా నాయనమ్మను అడిగాను, అమ్మ ఇంకా సిక్కేనా అని. మా ఊళ్ళో మనిషికీ రైలుపెట్టెకీ అదే మాట. మనిషి జబ్బు సెలవు పెడితే సిక్‌లో ఉన్నాడంటారు. పెట్టె చెడిపోతే దాని మీద సుద్దతో సిక్ అని రాసి, పనికొచ్చే పెట్టెల నుంచి విడదీసి సిక్ లైనులో నిలబెడతారు. బాగైతే మనిషైనా పెట్టైనా ఫిట్టే.

నాయనమ్మ చేతిలో పని వదిలి లేచింది. తిన్నగా నాన్న దగ్గరికి నడిచింది.

"కోడలు ఎప్పుడో ఫిట్టైపోనాదిరా. ఇంకా సిక్ లైన్లో నిలబెట్టినావేటి?"

"బండి రావాలి కదమ్మా."

"ఎప్పుడొస్తాదంట? ఎంతవుతాదంట?"

"అడగలేదు. మనం అడిగేవాళ్ళమా?"

"అయితే సిక్కైనది బండి కాదురా, నువ్వు."

నాయనమ్మ పుట్టిల్లు రైల్వే క్వార్టర్లే. వాళ్ళ నాన్న పెట్టెలు తనిఖీ చేసి సుద్దతో గుర్తు పెట్టే ఉద్యోగి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, ఆవిడతో సహా. ఆ పూట ఆవిడ జరీ అంచు చీర కట్టుకుంది. నా పలక మీది సుద్దముక్క తీసుకుంది. నన్ను రిక్షా ఎక్కించి ఇందాలోని షెడ్డుకు తీసుకెళ్ళింది.

షెడ్డులో మెకానిక్ కంగారుగా లేచాడు, పెద్దావిడను బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూ. "మీరెందుకొచ్చినారు మాషీమా? కబురంపితే నేనే వచ్చేద్దును."

"అడగడానికొచ్చినాను నాయనా," అంది నాయనమ్మ.

పదిమంది ఎదుట ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం నడుము కొంచెమైనా వంచలేదు. "ఏటి పాడైందో నోటితో సెప్పకు. సెయ్యెట్టి సూపించు," అంది.

అతను చక్రం దగ్గర కూర్చుని లోపలి బ్రేకులు చూపించాడు. ఇది పోతే బండి ఆగిపోతాదా అని నాయనమ్మ అడిగింది.

"ఇది పోతే బండి ఆగదు మాషీమా. అదే కదా కష్టం!"

షెడ్డంతా నవ్వింది. నాయనమ్మ కూడా నవ్వింది. సుద్దముక్క నా చేతికిచ్చి చక్రం మీద సిక్ అని రాయమంది. నీళ్ళు కారుతున్న రేడియేటర్ పైపు దగ్గరా రాయించింది. పక్కకు జరిపే తలుపు బిగుసుకుపోయింది. ఇది తెరుచుకోకపోతే నడవదా అని అడిగింది. నడుస్తుంది, ముందు తలుపులోంచి ఎక్కి వెనక్కి పోవాలి, అంతే అన్నాడతను. దానికి సుద్ద తగలనివ్వలేదు. రంగుకూ అంతే. తరువాత రాసినచోట్ల మాత్రమే సామానుకెంత, మజూరీకెంత అని విడివిడిగా అడిగింది. విప్పిన పాత సామాను మాకే ఇవ్వాలంది. అంతా కలిపితే, నాన్న అప్పటికే రంగు కోసం పంపినదానికన్నా తక్కువే తేలింది.

"బాబుగారు ఏటి ముందు చెయ్యాలో చెప్పలేదు, ఎప్పటికి కావాలో చెప్పలేదు," అన్నాడతను, తల గోక్కుంటూ. "తొందరున్నోళ్ళ బళ్ళు ముందు చేసినాను మాషీమా. అమ్మగారి కోసమని నాకేటి తెలుసు?"

ఆ వారంలోనే వ్యాన్ వచ్చింది. ఒక పక్క మెరుపు, ఒక పక్క ఇంకా రంగు పడని బూడిద పూత. నన్ను వెనక కూర్చోబెట్టుకుని నాన్న మేదినీపూర్ దాకా నడిపారు. అమ్మ ముందు తలుపులోంచి ఎక్కి, సీటు మీదుగా మెల్లగా వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. బండిలోపల ఒకసారి కలయజూసింది.

"ఇన్నాళ్ళూ దీని కోసమా?" అంది. బండి వంతెన ఎక్కింది. దాటాక, నాన్న వీపు వైపు చూస్తూ నెమ్మదిగా అంది, "నన్నొక్కసారి అడిగి ఉంటే, బస్సెక్కి వచ్చేద్దును కదండీ."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికి చేరాక ఆయనే దిగి, ఎన్నడూ లేనిది, గేటు తన చేత్తో తెరిచారు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. వ్యాన్ ఎప్పుడో తుక్కు కింద పోయింది. ఇల్లూ, గేటూ నాకు మిగిలాయి. కిటికీలో ఒక సుద్దముక్క ఉంచుకుంటాను. పంపు బాగుచేసే మనిషి వచ్చినా, గోడకు నెర్రె పట్టినా, ముందు చెయ్యి పెట్టి చూపించమంటాను. ఎంతవుతుందని గట్టిగా, నలుగురికీ వినపడేట్టు అడుగుతాను. దేనివల్ల పని ఆగిపోతుందో దాని మీద సిక్ అని రాస్తాను. అందం చెడినదాన్ని వదిలేస్తాను. ఈ ఇంట్లో అలా వదిలేసినవే ఎక్కువ.

గేటు మీద ఏ గుర్తూ పెట్టలేదు. రంగు పోయింది, తుప్పు పట్టింది, అయినా తోస్తే తెరుచుకుంటుంది. సైరన్ మోగే వేళకు దాని పక్కన కుర్చీ వేసుకుంటాను. సైకిళ్ళూ, టోటోలనే బ్యాటరీ ఆటోలూ ఇళ్ళకు పోతూ ఉంటాయి. తెలిసిన ముఖం కనిపిస్తే, నడుము నిటారుగానే ఉంచి, లోపలికి వస్తారా అని అడుగుతాను.