సగం కుట్టిన జాకెట్టు

మా తోడికోడలు మగ్గం వర్క్‌లో పేరున్న మనిషి. తణుకులో మా ఇంటి వసారాలో చెక్క చట్రం బిగించుకుని పట్టు జాకెట్ల మీద జరీ పని చేసేది. ఏళ్ల తరబడి తల వంచి కుట్టీ కుట్టీ మెడ పట్టేసింది. డాక్టరు గారు ఇక సూది పట్టొద్దన్నారు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొందామన్నది ఆవిడే.

"నువ్వు కంప్యూటర్లు చదివావు కదే. మిషను నువ్వు చూసుకో, డిజైన్లు నేను చూసుకుంటాను" అంది.

"సరే అక్కా" అన్నాను. ఒకే ఇంటికి కోడళ్లమై వచ్చిన ఇన్నేళ్లలో ఇద్దరం కలిసి ఒక పని తలపెట్టడం అదే మొదలు.

వసారానే షాపు చేసుకున్నాం. రాజమండ్రి డీలరు మిషనుకి తగిన కంప్యూటరు కూడా తనే తెచ్చి బిగించాడు. అందులో డిజైను పెడితే సూది దాని ప్రకారం కుట్టుకుపోతుంది. "బటన్ నొక్కేసి మీరు వంట చేసుకోవచ్చండి" అన్నాడు. మొదట్లో నిజమేననిపించింది. అక్క కాగితం మీద గీసిన హంస గుడ్డ మీదకి దిగుతుంటే, ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లార్పకుండా చూసింది.

ఒక మధ్యాహ్నం హంస మెడ దగ్గర సూది టక్కున ఆగింది. తెర నీలంగా మారి, ఏవో తెల్ల అక్షరాలు వచ్చి, కంప్యూటరు తనంతట తానే మళ్లీ మొదలైంది. మిషను మాత్రం ఎక్కడిదాకా కుట్టిందో మర్చిపోయింది. తిరిగి నడిపితే మెడ ఒక పక్క, తల ఒక పక్క పడ్డాయి. దారం విప్పినా పట్టు మీద సూది పోట్లు పోవు. ఆ గుడ్డకి బదులు కొత్తది మేమే కొనిచ్చాం.

డీలరుకి ఫోన్ చేస్తే, "మిషను తప్పు కాదండి, ఆపరేటింగ్ సిస్టమ్ తప్పు" అన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిస్తే, "సిస్టమ్ బానే ఉందండి, వాళ్ల సాఫ్ట్‌వేరే దీనికి పడట్లేదు" అన్నాడు. పోనీ కరెంటు హెచ్చుతగ్గులేమో అని యూపీఎస్ పెట్టించాం. అంతా చెరిపేసి సిస్టమ్ కొత్తగా వేయించాం. కొన్నాళ్లు బాగానే నడిచేది. నమ్మకం కుదిరే సమయానికి మళ్లీ తెర నీలమయ్యేది. బటన్ నొక్కి వంట చేసుకోవడం మాట దేవుడెరుగు, అన్నం తినడానికి కూడా ఇద్దరం వంతులు వేసుకుని దాని ముందు కాపలా కూర్చునేవాళ్లం.

మాఘమాసంలో రామచంద్రపురం నుంచి ఒక రైతు కుటుంబం వాళ్లు పెళ్లికూతురి జాకెట్లు ఇచ్చారు. ముహూర్తం జాకెట్టుకి ఒక చెయ్యి అయ్యి, రెండోది మొదలవుతుండగా 'అప్‌డేట్ అవుతోంది, ఆపొద్దు' అని తెర మీద పడింది. ఎవరడిగారు దాన్ని? పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని చూశాం. అయ్యాక కంప్యూటరు మిషనుని గుర్తుపట్టడం మానేసింది.

"ఈ కొత్త వెర్షన్‌కి మా సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదండి. కంపెనీ వాళ్లని అడుగుతున్నాం" అన్నాడు డీలరు.

"పెళ్లి పెట్టుకున్నారండీ అవతల" అన్నాను.

"నేనేం చెయ్యగలనండి మరి?"

పెళ్లికూతురి తల్లి వచ్చి నా మాటలన్నీ ఓపిగ్గా విని, "అప్‌డేట్ అని చెప్తే పంతులుగారు ముహూర్తం మారుస్తారేంటమ్మా?" అని అడిగారు.

"రెండో చెయ్యి నేను చేత్తో కుట్టి ఇస్తానండి" అంది అక్క. వద్దన్నాను. వినలేదు. అటక మీంచి చట్రం దింపించి, మెడకి పట్టీ వేసుకుని కూర్చుంది. నేను దారాలు ఎక్కించి ఇస్తూ ఉన్నాను. మధ్యమధ్య కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కితే విదిలించుకుని మళ్లీ కుట్టింది.

పెళ్లికూతురి తల్లి మళ్లీ వచ్చి జాకెట్టు వెలుగులో పట్టుకుని చూసుకున్నారు. "ఒక చెయ్యి ఒకలాగ, ఇంకో చెయ్యి ఇంకోలాగ ఉందేంటమ్మా?" అన్నారు. చేత్తో కుట్టిందే అందంగా ఉంది, కానీ ఆవిడన్నది అబద్ధం కాదు. పెళ్లికి ఆ పిల్ల వేరే జాకెట్టు వేసుకుందని తర్వాత తెలిసింది. మిగతా పెళ్లిళ్ల వాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి గుడ్డలు వెనక్కి తీసుకెళ్లిపోయారు.

డీలరు సాఫ్ట్‌వేర్ పంపేసరికి ముహూర్తాలు అయిపోయాయి. షాపు కూడా మూసేశాం. అక్క కుడిచెయ్యి మునుపటిలా అవలేదు. కూర తరుగుతుంటే వేళ్లు తిమ్మిరెక్కి కత్తిపీట ముందు నుంచి లేచిపోయేది.

"కంప్యూటర్ నీకు తెలుసనుకున్నానే" అంది ఒకసారి. కోపంగా కూడా అనలేదు. తెర వెనక ఏముందో దాన్ని అమ్మినవాడికే తెలియనప్పుడు నాకేం తెలుస్తుంది? అనుకుంటూ లోపలికి వెళ్లిపోయాను. అప్పట్నుంచి మా మధ్య పొడి మాటలే.

మొన్న అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి జాకెట్టు బయట షాపులో కుట్టించారు. అదీ కంప్యూటర్ వర్కే. ఎక్కడా ఒక్క కుట్టు తప్పలేదు. అక్క దాన్ని తిరగేసి, లోపలి వైపు దారాలు ఎడం చేత్తో తడిమి చూసింది. "బాగానే కుట్టారు" అని మడతపెట్టి, నావైపు చూడకుండా బీరువాలో పెట్టేసింది.