కౌసల్యమ్మ అడగని ప్రశ్నలు

నాచారంలో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఇరవై రెండేళ్లు వంట చేసిన కౌసల్యమ్మకు నాలుగు వందల మందికి తక్కువ వండటం చేతకాదు. 2008లో రిటైరై ఇంటిపట్టున ఉన్నాక ఆ సంగతి బయటపడింది. ఇంట్లో ఉన్నది నలుగురు. ఆమె వండిన పప్పు వీధిలో పదకొండు ఇళ్లకు పంచినా గిన్నె అడుగు కనిపించేది కాదు. నెల తిరగకముందే కోడలు కావ్య చేతులు జోడించింది.

"అత్తా, నీ కాళ్లు మొక్కుత. వంటింట్లకు రాకు. కూసోని సీరియల్ సూడు."

కౌసల్యమ్మకు సీరియళ్లు నచ్చవు. అందులోవాళ్లు ఆమె అడిగినదానికి జవాబు చెప్పరు. ఆమెకేమో మనుషుల్ని ప్రశ్నలు అడగడమంటే ప్రాణం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ల ఊరూ పేరూ, పిల్లలెందరు, మోకాళ్ల నొప్పికి ఏ మందు రాస్తున్నారు, అన్నీ హబ్సిగూడలో మొదలుపెట్టి ఉప్పల్ వచ్చేలోగా రాబట్టేది.

అలా ఒకరోజు బస్సులో దొరికిందే కమలకుమారి. మోసపోయి అమ్ముడుపోయిన ఆడపిల్లల్ని పోలీసులు విడిపించి తెస్తే, వాళ్లకు నీడనిచ్చే వసతిగృహం నడుపుతుందామె. వంటమనిషి మానేసిందని ఆమె నోరు జారడమే ఆలస్యం, మర్నాడు పొద్దున్నే కౌసల్యమ్మ సొంత గరిటెతో గేటు ముందు ప్రత్యక్షమైంది.

"జీతం గీతం వద్దు మేడం. వండే గంజు పెద్దదుంటే సాలు."

"గంజు ఉంది. ఒక షరతు కూడా ఉంది" అంది కమలకుమారి. "ఈ పిల్లల్ని ఏమీ అడగకూడదు. ఏ ఊరు, ఎలా వచ్చావు, ఎవరు తెచ్చారు, ఒక్క ముక్క కూడా. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి."

కౌసల్యమ్మ సరేనంది. ఆ తర్వాత ఆమె పడిన అవస్థ అంతా ఇంతా కాదు. ముప్పై ఆరుగురు కంచాలు పట్టుకుని వరసగా వచ్చేవాళ్లు. ముప్పై ఆరు ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేవి. "మీది ఏ..." అని మొదలెట్టి, గతుక్కుమని, "ఏ... ఏం బిడ్డా, ఉప్పు సరిపోయిందా?" అని మళ్లించేది. ఒకే పిల్లను ఒకే పూట నాలుగుసార్లు ఉప్పు గురించి అడిగితే ఊరుకుంటారా? వారం తిరక్కుండా ఆమెకు 'ఉప్పమ్మ' అని పేరు పెట్టేశారు.

వాళ్లలో అందరికన్నా నోరుగలది దుర్గాభవాని. పందొమ్మిదేళ్లు. ఒకరోజు కంచం ముందుకు తోసింది.

"ఉప్పు మంచిగనే ఉంది. పులుపేది? గిది పులుసా, చింతపండును జర సూపిచ్చి దాసినవా?"

కౌసల్యమ్మకు రోషమొచ్చింది. "అయితే నువ్వే జెయ్యి, సూస్త."

చేసింది. కౌసల్యమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. ఆ రోజునుంచి పిల్ల వంటింట్లోనే పాతుకుపోయింది. "వచ్చినోళ్లందరు కుట్టుమిషనే నేర్పుతరు ఉప్పమ్మా. దేశంల జాకెట్లన్ని మేమే కుట్టాల్నా?" అనేది.

మరుసటి ఏడు అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి ఊళ్లు మునిగాయి. టీవీలో ఆ నీళ్లు చూసి కౌసల్యమ్మ లేచి నిలబడింది. ఎంతమందికైనా వండగలదు కదా. ఉప్పల్‌లో ఆమె ఇంటి పక్కనే ఉండే లారీ డ్రైవర్ ఉప్పలయ్య బండి తెస్తానన్నాడు. దుర్గాభవాని మేమూ వస్తామంది. కమలకుమారి అడ్డుపడింది.

"అక్కడ ఎవరైనా ఏదైనా అంటే?"

"ఇన్నాళ్లు అందరు మాకు పెట్టుడే అయింది మేడం. మేమెప్పుడు పెట్టాలె?"

కమలకుమారి పద్దెనిమిది నిండిన నలుగురికి అనుమతిచ్చింది, తానూ లారీ ఎక్కింది.

పాడవకుండా ఉంటుందని పులిహోర చేశారు. పొట్లాలు కట్టి మధ్యాహ్నానికల్లా అలంపూర్ దగ్గర ఒక బడికి చేరారు. గదుల నిండా జనం, గోడల మీద నడుమెత్తున బురద గీత. ఫొటోలు తీస్తున్న ఒకాయన పిల్లల దగ్గరికొచ్చి "మీరు ఏ కాలేజీ?" అన్నాడు. దుర్గాభవాని కెమెరాకు వీపు తిప్పి, "వంట కాలేజీ. ఆమె మా ప్రిన్సిపాల్" అని కౌసల్యమ్మను చూపించింది.

ప్రిన్సిపాల్‌కు అప్పుడు గుర్తొచ్చింది, ఇక్కడ తనకు ఏ షరతూ లేదు! ఒక పెద్దావిడ ముందు చతికిలబడి మొదలుపెట్టింది. "ఏ ఊరక్కా? ఇల్లు మొత్తం పోయిందా? ఇంట్ల ఎంతమంది? అందరు బయటపడ్డరా?"

ఆవిడ పొట్లం విప్పకుండానే గోడవైపు తిరిగింది.

దుర్గాభవాని కౌసల్యమ్మ కొంగు లాగింది. "ఉప్పమ్మా, ఉప్పడుగు" అంది మెల్లగా.

కౌసల్యమ్మ ముఖం చిన్నబోయింది. పొట్లాన్ని ఆవిడ ఒడిలోకి జరిపి, "జర తిని సూడక్కా. ఉప్పు సరిపోయిందా?" అంది.

ఆవిడ పొట్లం విప్పి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "సరిపోయింది. కారమే తక్కువైంది." ఇంకో రెండు ముద్దలు తిన్నాక తనంతట తానే చెప్పసాగింది. నీళ్లు గుమ్మంలోకి వస్తుంటే బర్రె తాడు కోసి వదిలేసిందట. ఇల్లు పోయింది గానీ బర్రె ఈదుకుంటూ ఆమెకన్నా ముందే బడికి చేరిందట, సిగ్గులేనిది! అరగంట చెప్పింది. కౌసల్యమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. తన నోరు తనకే వింతగా అనిపించింది.

ఆ నెలంతా ప్రతి ఆదివారం వెళ్లారు. కారం పెంచారు.

మూడేళ్లకు దుర్గాభవాని, మరో ఇద్దరు కలిసి బోడుప్పల్‌లో కర్రీ పాయింట్ పెట్టారు. బోర్డు మీద 'కౌసల్య కర్రీ పాయింట్' అని రాయించారు. కౌసల్యమ్మ చూసి అలిగింది.

"గిదేంది? అమ్మ ఏది? కౌసల్య అంటే ఎవరో పడుసుపిల్ల అనుకుంటరు."

"జాగ లేదు పెద్దమ్మా" అన్నాడు బోర్డు రాసే కామరాజు. ఆమె కదలలేదు. చివరికి అతడు విసిగి, ఖాళీ ఉన్నచోట, అంటే 'పాయింట్' పక్కన, 'అమ్మ' అని రాసి నిచ్చెన దిగాడు.

ఇప్పుడు బోడుప్పల్‌లో ఆ చుట్టుపక్కల ఎవరింట్లో కూర లేకపోయినా, "పాయింటమ్మ దగ్గరికి పోయి పప్పు తేపో" అంటారు. అక్కడే గరిటె తిప్పే కౌసల్యమ్మ పైకి విసుక్కుంటుంది. ఎవరైనా కొత్తవాళ్లు పేరడిగితే మాత్రం బోర్డు చూపిస్తుంది.