గవాక్షం మూసిన వంటిల్లు

మా వంటింటికి కిటికీ లేదు. తర్లుపాడు మండలంలో ఒక ఊరు మాది, ఇల్లు పాత రాతి మిద్దె. మా మామగారి కాలంలో వంటింటి కప్పులో గవాక్షం ఉండేదట. మూరెడు వెడల్పు కంత. పొగ అందులోంచే పోయేది, వెలుతురు అందులోంచే వచ్చేది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు కింది భాగం మాకు వచ్చింది, పైన కట్టుకునే హక్కు మా బావగారికి పోయింది. ఆయన సరిగ్గా మా వంటింటి మీదే గది వేసుకున్నారు. గవాక్షం మీద నాపరాయి పరిచి గచ్చు చేయించారు. నేను కాపురానికి వచ్చింది ఆ తర్వాతే. రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలు, వెనక ఇంకొకరి గొడ్ల చావడి. నడిమింట్లోకి ఒక్క తలుపు, అంతే.

ప్రభుత్వం ఇచ్చిన గ్యాసు సిలిండరు ఉంది. టీకి, చుట్టాలొచ్చినప్పుడు వాడేవాళ్ళం. అన్నం, సంగటి, స్నానాల నీళ్ళు, గేదెలకు ఉలవలు, అన్నీ కట్టెల పొయ్యి మీదే. మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పని చేస్తాడు. తెల్లారేసరికి ఇంట్లో ఇద్దరం దగ్గేవాళ్ళం. ఆయనది రాతిపొడి, నాది పొగ.

ప్రకాశం జిల్లాను విడగొట్టి మమ్మల్ని అందులోనే ఉంచిన కొత్తల్లో, ఒక సంస్థ వాళ్ళు మండలాఫీసు వాళ్ళతో కలిసి ఊళ్ళోకి వచ్చారు. కట్టె తక్కువ కాలే పొయ్యి, దానికి పొగ బయటికి పోయే గొట్టం, ఉచితంగా ఇస్తామన్నారు. వాళ్ళతో వచ్చిన ఒక అమ్మాయి మా అరుగు మీద కూర్చుని చెప్పింది. ఇక్కడ పొగ తగ్గితే ఆ తగ్గినదానికి ఎక్కడో విదేశాల్లో కంపెనీలు విలువ కడతాయట.

మా అత్త నమ్మలేదు. "మన పొగను కొనేదెవురు పాపా?" అంది.

"పొగను కాదవ్వా. పొగ లేకపోవడాన్ని కొంటారు."

"లేనిదాన్ని కొంటారంటనే!" అని అత్త నా వైపు చూసి నవ్వింది.

ముందుగా కొన్ని ఇళ్ళల్లో పొగ కొలవాలన్నారు. మా ఇంటిని ఎంచుకున్నారు. చిన్న సంచిలో ఒక మిషను పెట్టి నా భుజానికి తగిలించారు. దాని గొట్టం నా మెడ దగ్గర ఉంటుంది, నేను పీల్చే గాలినే అదీ పీలుస్తుంది. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి మిషను విప్పి, లోపలున్న బిళ్ళంత కాగితాన్ని బయటికి తీసింది. పెట్టినప్పుడు అది పాలలాగా తెల్లగా ఉంది. ఇప్పుడు పెనం అడుగులాగా ఉంది.

"ఇదంతా నేను పీల్చిందేనా?" అని అడిగాను.

"ఇది మిషను పీల్చింది అక్కా. నువ్వు పీల్చింది నీ లోపలే ఉంది."

ఆ మాట తర్వాత వంటింట్లోకి పోవాలనిపించలేదు. పోక తప్పదు. తలుపు తెరిచి వండితే నడిమింట్లో పొగ నిండి అత్తకు కళ్ళు మండేవి. మూస్తే నాకు ఊపిరి ఆడేది కాదు.

పొయ్యి బిగించే మనిషి వచ్చినాడు. గోడలు తట్టి చూశాడు. "గొట్టం యాడికి తీయాల? పైనేముంది?" అన్నాడు. బావగారి గది అని చెప్పాను. గొట్టం బయటికి పోకుండా పొయ్యి పెట్టడానికి రూల్సు ఒప్పుకోవని చెప్పి వెళ్ళిపోయాడు.

మా ఆయన అన్నను అడగనన్నాడు. నేనే మెట్లెక్కి పోయాను. బావగారు మంచం మీద కూర్చుని అంతా విన్నారు.

"నేను పండుకునే గదిలోంచి నీ పొగగొట్టమా? పంచుకున్న నాడు లేని మాట ఇప్పుడేందమ్మా?" అన్నారు. అక్క, అంటే నా తోటికోడలు, వాకిలి దగ్గర నిలబడి ఉంది.

కొన్నాళ్ళకు గిద్దలూరులో దగ్గరి చుట్టం ఒకరు చనిపోతే బావగారు వెళ్ళారు. ఆయన బస్సెక్కిన పూటే అక్క కిందికి వచ్చి, "గడ్డపార ఉందా?" అని అడిగింది.

"ఎందుకక్కా?"

"నీ దగ్గు నాకు పైకి వినపడతాది. తెల్లార్లూ వినపడతాది. దా."

ఇద్దరం పైకి పోయి ఒక మూల గచ్చు పగలగొట్టాం. నాపరాయి కింద గడ్డపార దూర్చి ఎత్తాం. అక్క చేతులు గీసుకుపోయాయి. రాయి పక్కకు జరిగాక నేను కిందికి పరుగెత్తాను. అక్క గది కిటికీలోంచి పడిన ఎండ గవాక్షంలోంచి మా పొయ్యి మీదికి దిగి ఉంది. ఆ వెలుగులో మా గోడలు ఎంత నల్లగా ఉన్నాయో మొదటిసారి చూశాను. అత్త వచ్చి తలెత్తి నిలబడింది. "మీ మామ ఉన్నప్పుడు ఇట్లనే ఉన్నింది" అంది.

బావగారు వచ్చేదాకా పొగ పైకే పోయింది. అక్క గదిలోంచి, ఆమె కిటికీలోంచి బయటికి. ఆమె చీరలన్నీ పొగ వాసన కొట్టాయి. "గొట్టం పెట్టినాక ఈ వాసన ఉండదులే" అనేది. సంస్థ అమ్మాయికి ఫోన్ చేస్తే సోమవారం మనిషిని పంపుతానంది.

బావగారు ఆదివారం సాయంత్రమే వచ్చారు. ఇసుక, సిమెంటు తెప్పించారు. నేను కింద సంగటి కెలుకుతూ ఉన్నాను. పైన రాయి జరిపిన చప్పుడు వినపడింది, వెలుగు సన్నబడి పోయింది. తర్వాత తాపీ గీకుడు. అక్క గొంతు ఒకసారి లేచింది, వెంటనే ఆగిపోయింది.

సోమవారం వచ్చిన మనిషి కప్పు వంక చూసి, ఆ పొయ్యిని వెనక వీధిలో ఇంకొకరికి బిగించి పోయాడు.

తర్వాత ఆ అమ్మాయి నన్ను పనికి అడిగింది. ఊళ్ళల్లో ఆడవాళ్ళకు పొయ్యి ఎలా వాడాలో, గొట్టం ఎలా శుభ్రం చేసుకోవాలో చెప్పడానికి అక్కడి మాట తెలిసిన మనిషి కావాలట. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆటోలో ఊరూరూ తిరుగుతాను. మొన్న ఒక ఇంట్లో పొయ్యి వెలిగించి, గొట్టంలోంచి పొగ ఆకాశంలోకి పోవడం చూపిస్తుంటే ఆ ఇల్లాలు అడిగింది.

"మీ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి వాడతాండావక్కా?"

"మా ఇంట్లో లేదమ్మా. పెట్టే దారి లేదు."

ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసింది. పీట జరిపి కూర్చోమంది. మా ఊరికి పోయే ఆటో వచ్చేదాకా ఆ పొయ్యి దగ్గరే కూర్చున్నాను.