గోడ మీద పెట్టని బట్ట

కొత్త దుప్పటి మడత విప్పినప్పుడు వచ్చే గంజి వాసనకు ఇప్పటికీ నాకు మల్లవ్వ పెద్దవ్వ గుర్తుకొస్తుంది. మొన్న మనవరాలు బజారు నుంచి తెచ్చిన దుప్పటి మంచం మీద పరుస్తుంటే అదే జరిగింది. మల్లవ్వ మా బాపుకు వరుసకు వదిన. లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, నేతపని చేసే నేతకాని కులం వాడలో మా పక్కిల్లే ఆవిడది. మొగుడు పోయాక తానే మగ్గం గుంటలో కూర్చుంది. నాకు నేత నేర్పింది కూడా ఆవిడే.

ఊళ్ళో సాలెవాడకు నేత సొసైటీ ఉండేది. సర్కారు నూలు చవకగా వచ్చేది. అంటరానివాళ్ళమని మమ్మల్ని మాత్రం అందులో చేర్చుకోలేదు. షావుకారు చెప్పిన ధరకు నూలు కొనలేక మా మగ్గాలు సగం కాలం ఊరికే ఉండేవి. అలాగని సాలెవాడా బాగుపడలేదు. మగ్గాలు చాలక ఆసుపత్రి దుప్పట్ల పని ఒకసారి సగంలో వదిలేశారు. ఆ పని పోయాక చేతి నిండా పని లేక వాళ్ళ మగవాళ్ళు షోలాపూర్ మిల్లులకు వలసపోయారు. కొన్నాళ్ళకు ఆసుపత్రి పని మళ్ళీ వచ్చింది; ఈసారీ మాట తప్పితే నూలు ఆపేస్తామని సర్కారు నుంచి కబురొచ్చింది. అప్పుడు సొసైటీ పెద్ద రాజేశం మా వాడ మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. అప్పటికి నాకు పెళ్ళయి, సొంత మగ్గం పెట్టుకున్నాను.

“నూలు మేమిస్తం. దుప్పట్లు నేసి సొసైటీ గోడ మీద పెట్టుండ్రి. మావోళ్ళు నీళ్ళు చల్లి తీసుకుంటరు,” అన్నాడు.

“గంజి పెట్టిన బట్ట మీద నీళ్ళు చల్లితె మరకలు పడ్తయి. గసొంటి బట్ట దవఖానోళ్ళు తీసుకుంటరా?” అంది మల్లవ్వ. “మీకూ నష్టమే, మాకూ నష్టమే. మమ్ముల మెంబర్లను చెయ్యుండ్రి. బట్ట సొసైటీ తలుపుల నుంచి లోపటికి తెచ్చి చేతికిస్తం.”

రాజేశం వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మా వాడంతా ఆవిడ మీద లేచింది. “నోటికాడి కూడు కాలదన్నినవ్ వదినా,” అన్నాడు మా బాపు. “నాకు మాత్రం ఆకలి లేదా?” అంది ఆవిడ. “ఇయ్యాల గోడ మీద పెడితె, మన పిల్లల పిల్లలు గూడ గోడ మీదనే పెడ్తరు.”

మరునాడు నన్ను వెంటబెట్టుకుని సాలెవాడకు నడిచింది. ఆడవాళ్ళు అరుగుల మీద నూలు చుడుతున్నారు. మమ్మల్ని చూసి కొందరు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. మల్లవ్వ వీధి నడుమ నిలబడి అడిగింది: “మా మగ్గాలు ఆగినయి. మరి మీ పొయ్యిలు మండుతున్నయా?”

భూదేవి అనే ఆవిడ రాట్నం ఆపింది. ఆమె పెనిమిటి షోలాపూర్‌లో ఉన్నాడు. “మండుతలేవు,” అంది నెమ్మదిగా. “గీ పని గూడ పోతె నా మనిషి ఇగ రాడు.”

ఆ రాత్రి సాలెవాడ ఇళ్ళల్లో ఏం మాటలు నడిచాయో తెలియదు. ఆ వారమే మీటింగు పెట్టారు. ఇద్దరు పెద్దమనుషులు కోపంతో లేచిపోయారు. మిగిలినవాళ్ళు మమ్మల్ని చేర్చుకున్నారు. మొదటి దుప్పట్ల మూట తల మీద పెట్టుకుని మల్లవ్వ సొసైటీ తలుపులోంచి లోపలికి నడుస్తుంటే నేను వెనకే ఉన్నాను. అంత గర్వం నా జన్మలో మళ్ళీ ఎరగను. రాజేశం మూట అందుకోవడానికి క్షణం తటపటాయించాడు. తర్వాత రెండు చేతులూ చాపాడు. దుప్పట్లన్నీ గడువులోపలే వెళ్ళాయి. మగ్గాలు పెరిగేసరికి నూలూ పెరిగింది. దసరాకు భూదేవి పెనిమిటి తిరిగొచ్చి తన మగ్గం బాగుచేసుకున్నాడు. ఊరి బావి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు మాకు దూరంగానే ఉంది.

ఆవిడ చివరి రోజుల్లో పక్కన కూర్చుని అడిగాను: “ఆ రోజు భయం కాలేదా పెద్దవ్వా?”

“ఎందుకు కాలే బిడ్డా? ఇంట్ల గింజల్లేవు. గని ఒక్కపారి వంగితె, నడుముకు గదే అలవాటైతది.”

మగ్గం మీద కూర్చుని కూర్చుని ఇప్పుడు నా నడుము వంగిపోయింది. అయినా ఏ ఆఫీసుకు పోయినా, ఏ ఇంటికి పోయినా, పక్క తలుపు నుంచి రమ్మంటే మాత్రం నా కాళ్ళు కదలవు.